తూటాలో కొసరు

ఖల్ఫాన్ బాబా పోయాడని ఆయన కూతురు జువైనా ఫోన్ చేసినప్పుడు నేను మస్కట్ దగ్గర బర్కాలో మా వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. చెయ్యి కడుక్కునే తీరిక కూడా లేకుండా మోచేత్తో ఫోన్ నొక్కి మాట్లాడాను. జువైనా ఏడవలేదు. "బాబా వెళ్ళిపోయాడు బూర్ణా, మూడు రోజులు ఇల్లంతా జనం ఉంటారు, నువ్వు మాత్రం నా పక్కన కూచోవాలి" అంది. నా పేరు పూర్ణ. ముప్ఫై ఏళ్ళకి పైగా ఈ దేశంలో ఉన్నా, మా ఇబ్రా ఇంటివాళ్ళకి ఆ మొదటి అక్షరం నోరు తిరగలేదు, నేనూ దిద్దడం మానేశాను. మర్నాడు పొద్దున్నే మా ఆయన కారు తీశారు. రిటైరయ్యాక ఆయనకి డ్రైవింగ్ అంటే ఒకటే సణుగుడు. ఇబ్రా రోడ్డు ఎక్కాక మాత్రం ఆ సణుగుడు ఆగింది. మేం కాపురం పెట్టింది ఆ ఊళ్ళోనే మరి.

ఇల్లు చాలా మారింది. ముందు వరండా మూసేసి గాజు తలుపులు పెట్టారు. మగవాళ్ళందరూ వీధి చివరి సబ్లాలో కూచున్నారు, పరామర్శలకీ పంచాయితీలకీ అదే వాళ్ళ సావిడి. ఆడవాళ్ళం లోపలి గదిలో గోడలకి ఆనుకుని తివాచీ మీద కూచున్నాం. ఎవరొచ్చినా ఖర్జూరం పళ్ళెం, ఏలకుల కాఫీ, ఓ మూల సాంబ్రాణిలా లుబాన్ పొగ. వాళ్ళమ్మ మౌజా మామా పోయి నాలుగేళ్ళయింది కాబట్టి ఇప్పుడు ఆ ఇంటికి జువైనానే పెద్ద దిక్కు. కాసేపయ్యాక చేతులు కడుక్కుందామని లేచి నడవాలోకి వెళ్ళాను. నడవా చివర బాబా గది తలుపు తీసుంది. ఒకప్పుడు పొడుగాటి చెక్కబల్ల ఉన్న చోట ఇప్పుడు బట్టలుతికే మిషను, ఇస్త్రీ బల్ల. సబ్బు వాసన. నా ముక్కు మాత్రం ఇత్తడి పాలిష్, తుపాకి నూనె కలిసిన ఆ పాత వాసన కోసం వెతుక్కుంది. లేని వాసన కోసం గుమ్మంలో అంతసేపు నిలబడ్డ ఆడదాన్ని చూసి ఆ ఇంటి పిల్లలు ఏమనుకున్నారో.

పెళ్ళయిన నాలుగో నెలలో మండపేట నుంచి ఇబ్రా వచ్చాను. నాకప్పుడు ఇరవై ఒకటి. మా ఆయన ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ చూసేవారు. ఖల్ఫాన్ బాబా ఇంటి వెనక వాటాలో రెండు గదులు మావి. మా ఆయన తెల్లవారకుండా డ్యూటీకి వెళ్ళిపోతే మళ్ళీ సాయంత్రానికి సైట్ దుమ్ముతో వచ్చేవారు. మధ్యలో నేనూ, గోడలూ. మండపేటలో మా ఇంటి ముందే మా నాన్న కిరాణా కొట్టు. పొద్దున లేచింది మొదలు మనుషుల గోల వింటూ పెరిగిన దాన్ని. ఇక్కడ మధ్యాహ్నం పూట వీధిలో పిల్లి నడిచినా వినిపించేది. మొదటి నెలంతా ఏడుస్తూ వండాను, వండుతూ ఏడ్చాను. ఓ రోజు మౌజా మామా వచ్చి గుమ్మంలో నిలబడి, ఏమీ అడక్కుండా, నా చెయ్యి పట్టుకుని వాళ్ళ వంటింటికి లాక్కుపోయింది. ఎండబెట్టిన నల్లనిమ్మకాయలు ముందు పోసి, పగలగొట్టి గింజలు తియ్యమంది. ఏడుపుకి ఆవిడ దగ్గరున్న మందు అదొక్కటే, పని పెట్టడం. అది బాగానే పని చేసింది. బాబా పట్టాళంలో బెలూచీ సిపాయిల మధ్య ఉండి హిందుస్తానీ నేర్చుకున్నాడు, ఇంట్లో వాళ్ళకీ కొంత అంటించాడు. నా హిందీ టెన్త్ క్లాసు హిందీ. సగం హిందీ, పావు అరబ్బీ, మిగతాది చేతులు తిప్పడం, అలాగే మాట్లాడుకునేవాళ్ళం. ఇక్కడ అందరిచేతా తెలుగే మాట్లాడిస్తున్నాను, పాఠకులు క్షమించాలి.

బాబా పట్టాళంలో ఆయుధాల కొట్టు చూసి రిటైరయ్యాడు. సన్నగా, నిటారుగా ఉండేవాడు. పొద్దున నమాజు కాగానే మూడు ఖర్జూరాలు, మూడు చిన్న కప్పుల కాఫీ, నాలుగోది పొయ్యబోతే కప్పు అటూ ఇటూ ఊపి వద్దనేవాడు. ఆ తర్వాత రేడియో. ఆ తర్వాత గది. ఆ గదిలో గోడ బీరువాకి రెండు తాళాలు, లోపల ఆకుపచ్చ గుడ్డ మీద అయిదు రివాల్వర్లు. వాటి పర్మిట్ కాగితాలకి ఫ్రేము కట్టించి, మనం దేవుడి పటాలు పెట్టుకున్నట్టు, బీరువా పైన వరసగా తగిలించాడు. అయిదిట్లో నాలుగు, దేశం వదిలి వెళ్ళిపోతున్న ఇంగ్లీషు అఫీసర్ల దగ్గర కొన్నవి. అయిదోది వాళ్ళ నాన్నది. పిడి మీద చెక్క అరిగిపోయి, పెద్దాయన వేళ్ళు ఎక్కడ ఆనేవో అక్కడ గుంటలు పడ్డాయి. బాబా దాన్ని తుడిచేటప్పుడు మాత్రం రేడియో కట్టేసేవాడు.

చిక్కల్లా ఏమిటంటే ఆ పాత రివాల్వర్లకి సరిపడే తూటాలు ఎక్కడా అమ్మరు. అందుకని తనే తయారు చేసుకునేవాడు. పేల్చాక మిగిలిన ఇత్తడి గుల్లని పారెయ్యడు. ఏరుకొచ్చి, కడిగి, ఆరబెట్టి, సాగిన దాన్ని మళ్ళీ కొలతకి తెచ్చి, అడుగున నిప్పు రాజేసే కొత్త క్యాప్ బిగించి, తుపాకి మందు తూచి పోసి, పైన సీసపు గుండు నొక్కేవాడు. ఒక్కో గుల్ల ఎన్నిసార్లు పేలిందో దాని మీద గీతలు గీసి ఉంచేవాడు. తూటా అంటే కొట్లో దొరికే వస్తువనుకున్న నాకు అదంతా అప్పడాల తయారీలా కనిపించి నవ్వొచ్చేది. కానీ ఆ గదిలో నవ్వకూడదు. బల్ల మీద ఒక్క డబ్బాయే తెరిచి ఉండాలి. మాట్లాడకూడదు, కాఫీ తాగకూడదు. తూటాలు కట్టే రోజు ఇంట్లో ఎక్కడా లుబాన్ వెయ్యకూడదు, ఆ గదివైపు పొయ్యి కూడా వెలిగించకూడదు. మౌజా మామా గొణుక్కుంటూ గ్యాసు పొయ్యిని పెరట్లోకి మోసుకుపోయేది. మా నాయనమ్మ మడి కట్టుకున్నా ఇంత పట్టింపు ఉండేది కాదు.

ఆ మడిలోకి నన్నెలా రానిచ్చాడో చెప్పాలి. ఓ రోజు మామా గిన్నె తిరిగివ్వడానికి వెళ్ళి నడవాలో ఆగాను. బల్ల మీద గాజుపెట్టెలో చిన్న త్రాసు. బంగారం కొట్లో ఉండే రకం. మా ఊరు విడిచాక త్రాసు చూడటం అదే మొదలు. నా చేతులు జిలపెట్టాయంటే నమ్మండి. బాబా పళ్ళెంలో మందు పోసి, ముల్లు దగ్గరికి మొహం పెట్టి, మళ్ళీ పోసి, మళ్ళీ చూస్తున్నాడు. నేను ఉండబట్టలేక, బల్ల ఎడమ కాలు కిందికుంది బాబా, త్రాసు నిజం చెప్పదు, అనేశాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. తర్వాత బల్ల మీద గోళీ ఒకటి పెట్టాడు. అది ఎడమకి దొర్లింది. నేను కాగితం మడిచి కాలి కింద పెట్టాక కదల్లేదు. "నీకు త్రాసు ఎవరు నేర్పారు?" అన్నాడు. మా నాన్నకి కొట్టుందని, పదేళ్ళప్పటి నుంచీ గోనెబస్తా మీద కూచుని పప్పులూ పోపులూ తూచానని చెప్పాను. మర్నాడు నాచేత ఇసక తూపించి పరీక్ష పెట్టాడు. ఆ మరుసటి వారం మందు.

అలా వారానికి ఒకటి రెండు మధ్యాహ్నాలు ఆ గదిలో గడిచేవి. గుల్లలు సిద్ధం చేసి నా ముందు వరసగా నిలబెట్టేవాడు. నేను తూచి, చిన్న గరాటుతో పోసేదాన్ని. గుండు నొక్కడం ఆయన పని. మా ఆయనకి ఈ సంగతి తెలిసి ఒక పూటంతా అన్నం ముందు ఉపన్యాసమిచ్చారు. మనకెందుకే తుపాకుల గోల, వీసా మీద బతికేవాళ్ళం, కాపురానికి వచ్చావా కర్మాగారానికి వచ్చావా, అని. నేను వినలేదు. ఇబ్రాలో అప్పటిదాకా నేను ఎవరికీ ఏమీ కాను. ఆ బల్ల దగ్గర మాత్రం, పట్టాళమంతటికీ తుపాకులు సర్దిపెట్టిన మనిషి, నేను "సరిపోయింది" అనేదాకా చెయ్యి కదపకుండా ఆగేవాడు. ఆ గౌరవం నాకు ఎంత ఆకలి తీర్చిందో ఈ వయసులో ఒప్పుకోవడానికి సిగ్గులేదు.

జువైనాకి అప్పుడు పదిహేడు. నాకన్నా నాలుగేళ్ళు చిన్న. నా దగ్గర జడ వేయించుకునేది, నాకు అరబ్బీ తిట్లు నేర్పేది. ఇంటికి ఒక్కతే కూతురు. పరీక్షలు బాగా పాసైతే ఏం కావాలని బాబా అడిగితే, తాతగారి రివాల్వరు ఒక్కసారి పేలుస్తానంది. మామా కోప్పడింది. బాబా పొంగిపోయాడు. గురువారం సాయంత్రం నమాజయ్యాక ఊరవతల వాదీలోకి, ఎవరూ తిరగని ఏటి ఇసకలోకి తీసుకెళ్తానని మాటిచ్చాడు. దాని కోసం బుధవారం మధ్యాహ్నం నేనూ బాబా కలిసి పదిహేను తూటాలు కట్టాం. చాలవేమోనని గురువారం ఆయన ఒక్కడే కూచుని ఇంకో పది కట్టాడు. ఒకే చెక్కపెట్టెలో నావి ఎడమ వైపు, ఆయనవి కుడి వైపు.

ఆ గురువారం మా ఆయన పెందరాళే ఇంటికొచ్చారు. నేను కుక్కర్లో బియ్యం పోస్తున్నాను. రెండు గ్లాసులు కొలిచి పోశాను. పోశాక నా చెయ్యి దాని మానాన అది డబ్బాలోకి వెళ్ళి, ఇంకో నాలుగు గింజలు తెచ్చి పైన వేసింది. ఆయన నవ్వారు. "కొలిచిందాని మీద మళ్ళీ కొసరేంటే? ఇంకా మీ నాన్న కొట్లోనే ఉన్నావా?"

నేను బియ్యం డబ్బా కింద పెట్టేశాను. మా కొట్లో ఏది తూచినా, ముల్లు నిలబడ్డాక, పొట్లం కట్టబోయే ముందు వేళ్ళ చివర్లతో ఓ చిటికెడు పైన వేసేవాళ్ళం. అది వేసేదాకా కొనేవాళ్ళు సంచి మూసేవారు కాదు. వెయ్యకపోతే మొహం మాడ్చుకునేవారు. పదేళ్ళ వయసు నుంచీ వేలసార్లు వేసిన చెయ్యి నాది, దానికి నా అనుమతి అక్కర్లేదు. బుధవారం ఆ బల్ల దగ్గర ఏం చేశానో ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది. ముల్లు నిలిచింది. "సరిపోయింది" అన్నాను. గరాటులో పోశాను. పోశాక నా వేళ్ళు డబ్బాలోకి వెళ్ళాయి. ప్రతిసారీనా, కొన్నిసార్లేనా? గుర్తు లేదు. అంతకు ముందు వారాల్లో కూడా వేశానేమో, అఫీసర్ల దిట్టమైన రివాల్వర్లు ఓర్చుకున్నాయేమో. ఇవాళ మాత్రం ఆ ముసలి ఇనుము జువైనా చేతిలో ఉండబోతోంది. మందు ఎక్కువైతే తుపాకి ముందుకి పేలదు, పట్టుకున్న చేతిలోనే పగులుతుందని బాబా నాకు మొదటి రోజే చెప్పాడు.

విషయం చెప్పగానే మా ఆయన మొహం పాలిపోయింది. చెప్పకు, వంట్లో బాగాలేదని ఏదో వంక పెట్టి ఇవాళ్టికి ఆపు, తర్వాత చూద్దాం, ఇల్లు ఖాళీ చేయిస్తారు, పోలీసులంటే ఏం చేస్తాం, అన్నారు. ఆయన భయం ఆయనది, తప్పనను. నేను చెప్పుల్లేకుండానే పెరడు దాటి పరిగెత్తాను. జీపు ఇంజను ఆన్‌లో ఉంది. జువైనా ముందు సీట్లో ఒళ్ళో చెక్కపెట్టె పెట్టుకుని కూచుంది. తల మీద కొత్త షీలా కప్పుకుంది, పెళ్ళికి వెళ్తున్నట్టు. నేను పెట్టె మీద రెండు చేతులూ వేసి బాబా వైపు తిరిగాను. సగం హిందీ, పావు అరబ్బీ అన్నాను కదా, ఆ క్షణంలో రెండూ రాలేదు. తెలుగులోనే ఏదో అరిచి, ఆయన ఇంజను కట్టేశాక, నెమ్మదిగా కూడదీసుకుని చెప్పాను.

"తూచాక ఇంకొంచెం వేశాను బాబా. కావాలని కాదు. మా కొట్లో అలా వేస్తాం."

"తూచాక ఎందుకు వేస్తారు?"

"వెయ్యకపోతే మర్యాద కాదు."

బాబా చెక్కపెట్టె తీసుకున్నాడు. కోప్పడలేదు. "తూటాకి మర్యాద అక్కర్లేదు బింతీ" అని మాత్రం అని లోపలికి నడిచాడు. ఎప్పుడూ నన్ను బింతీ అనే పిలిచేవాడు, అంటే నా బిడ్డా అని. ఆ వేళ కూడా ఆ పిలుపు మానలేదు.

బల్ల దగ్గర కూచుని ఒక్కొక్క తూటా నుంచీ గుండు ఊడబెరికి, మందు పళ్ళెంలో పోసి నాకిచ్చాడు. నేను తూచి చెప్పాను. నా పదిహేనింటిలో తొమ్మిదింట్లో కొసరుంది. ప్రతిదీ తూచాక వేళ్ళ మధ్య నలిపి చూసి, ఈపాటి కొసరుకి ఇనుము పగలదు, పిల్ల చెయ్యి గట్టిగా ఎగిరేది అంతే, అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇక చాలు, మిగిలినవి నేను కట్టినవి, వాటితో వెళ్తాం, అని లేవబోయాడు. అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. కానీ కొట్టు పిల్లకి సగం సరుకు తూచి సగం వదలడం చేతకాదు. ఎలాగూ కూచున్నాం కదా బాబా, అన్నాను. నవ్వి, సరే అన్నాడు. ఆయన పదిట్లో మొదటి ఆరూ ముల్లు మీద చక్కగా నిలబడ్డాయి. ఏడోది పళ్ళెంలో పొయ్యగానే అటువైపు ధబ్బున దిగింది.

నా పొరపాటే అనుకుని మళ్ళీ తూచాను. మళ్ళీ దిగింది. ఎనిమిది, తొమ్మిది, పది, అన్నీ అంతే. ఉండాల్సిన దానికి దాదాపు రెట్టింపు. ఆ త్రాసు బరువుల్లో రెండు ఇత్తడి బిళ్ళలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకటి రెండోదానికి రెట్టింపు, పైన అంకె చూసే పోల్చుకోవాలి. ఆ మధ్యాహ్నం బాబా ఆరు కట్టాక నమాజుకి లేచాడు. తిరిగొచ్చి పక్క బిళ్ళ తీసి వేశాడన్నమాట. "ఎంత?" అన్నాడు. నేను త్రాసు ఆయన వైపు తిప్పాను. ఆయన ముల్లు వైపు వంగాడు. ముక్కు పళ్ళేనికి తగిలేంత దగ్గరికి వంగాడు. ఆ కళ్ళ నల్లగుడ్ల మీద పాలమీగడ లాంటి పొర అప్పుడు చూశాను. తను వాడిన బిళ్ళ తీసి వేలితో అంకె తడుముకున్నాడు. ఆ అంకె వేలికి తెలిసేంత లోతు కాదు. ఇన్నాళ్ళూ నన్ను ఆ బల్ల దగ్గర ఎందుకు కూచోబెట్టాడో, "సరిపోయింది" అనేదాకా ఎందుకు ఆగేవాడో నాకు అప్పుడు అర్థమైంది. బిళ్ళ నా అరచేతిలో పెట్టాడు. "చదువు" అన్నాడు. చదివాను.

ఆ తర్వాత ఆయన చేసిన పని నేను మర్చిపోలేను. కుడిచెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టి దాన్నే చూస్తూ కూచున్నాడు. ఆ చేతిని కాదు ఆయన చూస్తున్నది, పిల్ల చేతిని.

ఆ సమయానికి మౌజా మామా, వెనకాలే జువైనా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బల్లంతా ఊడదీసిన తూటాలు, మందు. మామా ఆ గదిలో ఎన్నడూ అంత గందరగోళం చూడలేదు. ఎంత ప్రమాదమైంది, ఎవరు చేశారిది, అంది. బాబా తలెత్తాడు. నోరు తెరిచాడు. జువైనా వైపు చూశాడు. పట్టాళంలో ఆయన కళ్ళని నమ్ముకుని ఎన్నివేల తుపాకులు బయటికి వెళ్ళాయో ఆ ఇంట్లో గోడలకి కూడా తెలుసు. మామా ఆ కథలు చెప్పుకునే బతికింది. జువైనా వాటిని తాగి పెరిగింది.

"నేనే మామా," అన్నాను. "కొసరు వేశాను. అన్నిట్లోనూ."

బాబా నోరు మూసుకున్నాడు.

ఏదో త్యాగం చేశాననుకోకండి. అందులో సగం నిజమే కదా, సులువుగా నోట్లోంచి వచ్చేసింది. దాని బరువు తర్వాత తెలిసింది. జువైనా ఆ రోజు నుంచి నెలన్నర నాతో మాట్లాడలేదు. గోడ అవతల నవ్వులు వినిపించేవి, నేను వెళ్తే ఆగిపోయేవి. మామా పంపే కూర గిన్నెలు వచ్చేవి కానీ వంటింటికి పిలుపు రాలేదు. మా ఆయన చెప్పానా లేదా అని రోజూ దెప్పేవారు, ఈ మధ్య దాకా దెప్పారు. బాబా మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. బాగా వచ్చింది. పెద్ద మనిషివి, ఒక్క మాట అనలేకపోయావా, అని కూరలు తరుగుతూ ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఆయన బల్ల మీద గుడ్డ కప్పేశాడు. బూర్ణ నా మందు పాడుచేసింది, మనసు విరిగింది, ఇక కట్టను, అని ఇంట్లో చెప్పాడు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మరుసటి వారమే మస్కట్ వెళ్ళి కళ్ళు చూపించుకున్నాడు. ఆపరేషనయ్యాక చూపు బాగానే వచ్చింది. గుడ్డ మాత్రం తియ్యలేదు. జువైనా తాతగారి రివాల్వరు ఎప్పటికీ పేల్చలేదు.

నెమ్మదిగా ఆ సంగతి నవ్వులాటలోకి దిగింది. మామా ఓ రోజు టీలో చక్కెర ఎక్కువైందని "కొసరు" అంది. అందరూ నవ్వారు, జువైనా కూడా నవ్వింది, నవ్వి నా పక్కన వచ్చి కూచుని జడ వెయ్యమంది. అక్కణ్ణుంచి ఆ ఇంట్లో ఏది శ్రుతి మించినా కొసరే. ఉప్పు ఎక్కువైతే కొసరు, అత్తరు ఎక్కువైతే కొసరు. మేం ఇబ్రా వదిలి బర్కాకి మారినా ఆ మాట వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. నాకు మాత్రం తర్వాత్తర్వాత ఆ అలవాటు పోయింది. ఇప్పుడు మా ఇంట్లో బల్ల మీద అంకెలు వెలిగే మిషను ఉంది, మా అమ్మాయి కొనిపెట్టింది. హైపర్‌మార్కెట్లో అన్నీ తూచి, అంటించి, చుట్టేసినవే. ఎవరి వేళ్ళూ ఎవరి సంచీలోకీ రావు. అది మంచిదే. తూకం తప్పదు, మనుషుల మీద అనుమానం అక్కర్లేదు. మా నాన్న కొట్టు కూడా మూతపడి చాలాకాలమైంది. అయినా పప్పు పొట్లం తెరిచిన ప్రతిసారీ ఏదో తక్కువైనట్టే ఉంటుంది. తూచి చూస్తే సరిగ్గానే ఉంటుంది. అప్పట్లో మనుషులు ఒకరికొకరు ఎంత ఎక్కువ ఇచ్చుకునేవారో, ఎంత దాచిపెట్టుకునేవారో రెండూ నాకు తెలుసు. ఆ కాలమే గొప్పదని చెప్పడానికి నోరు రాదు. ఆ గదికి మాత్రం ఒక్క మధ్యాహ్నం తిరిగి వెళ్ళనిస్తే వెళ్తాను.

నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి జువైనా ఆడవాళ్ళకి ఆ కథే చెబుతోంది. జుట్టు నెరిసింది, ఊళ్ళో బడికి హెడ్‌మిస్ట్రెస్. కుడిచెయ్యి పైకెత్తి, వేళ్ళు విప్పి, ఈ చెయ్యి ఇలా ఉందంటే ఈవిడ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది కాబట్టి, తప్పు చేసిందీ ఈవిడే, ఒప్పుకున్నదీ ఈవిడే, అంటోంది. చావింట్లో కూడా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అయిదు వేళ్ళూ చూస్తూ నవ్వడం నాకు కష్టమేం కాలేదు.

బయల్దేరేటప్పుడు కారు దాకా వచ్చింది. మా ఆయన ఇంజను ఆన్ చేశారు. జువైనా నా చెయ్యి వదల్లేదు.

"బాబా ఆఖరి వారంలో మాటిమాటికీ ఒకటే అన్నాడు బూర్ణా. 'ఆ పిల్ల తూకం తప్పు కాదు, బిళ్ళ నాది' అన్నాడు. ఏ బిళ్ళ? ఆయన ఏం చెప్పబోయాడు?"

ఇన్నేళ్ళకి చెప్పాడన్నమాట. రెండో చేత్తో కారు తలుపు పట్టుకున్నాను. ఒక్క మాట చాలు, ఆ ఇంట్లో నా పేరు తేటపడుతుంది, కొసరు అని నవ్వడం మానేస్తారు. సబ్లాలో నలభై మంది మగవాళ్ళు అదే సమయంలో ఆయన కళ్ళ గురించి, ఆయన చేతి గురించి గొప్పగా చెప్పుకుంటున్నారు. జువైనా వాళ్ళ మాటలు వింటూనే నా మొహంలోకి చూస్తోంది.

"ఆఖర్లో పెద్దవాళ్ళు అందరి తప్పులూ తమ మీద వేసుకుంటారు జువైనా," అన్నాను. "కొసరు వేసింది నేనే."

తేలిగ్గా ఊపిరి తీసుకుంది. నా నుదుటి మీద ముద్దు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. దారి పొడుగునా మా ఆయన, ఏమిటే అడిగింది, ఏమిటే అడిగింది, అంటూనే ఉన్నారు. ఏం లేదన్నాను. ఆయనకి కూడా ఇది చదివితేనే తెలుస్తుంది. ఆ నాలుగు తూటాల సంగతి ఎక్కడైనా ఒకచోట ఉండాలి కదా, అందుకని ఇక్కడ రాశాను. జువైనాకి తెలుగు రాదు.